లోర్నా కలిపే ఉప్పు

గురువారం సాయంత్రాలు ఊళ్లోని బౌల్స్ ఆట క్లబ్బు వెనకగదిలో లోర్నా ట్రెగాస్కిస్ పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. ఆవిడంటే అక్కడికొచ్చే పీహెచ్‌డీ పిల్లలకు భయం కాదు, కాస్త కోపం. ఊరికింది పాత బంగారు గనిలో, ఇంతవరకూ ఎవరికీ చిక్కని కృష్ణపదార్థపు (డార్క్ మ్యాటర్) కణం కోసం కాపు కాసే యంత్రం ఉంది. ఈ పిల్లలంతా దాని దగ్గర పనిచేసేవాళ్లే. వారానికొకరు సుద్దముక్క పట్టుకుని క్లబ్బు స్కోరుబోర్డు మీద తమ పని చెప్పాలి. తక్కినవాళ్లు మీట్ పై అనే మాంసం కూరిన రొట్టె తింటూ, బీరు తాగుతూ ఏడిపించాలి.

లోర్నా పని ఉప్పు కలపడం. అంటే, యంత్రం పట్టిన మెరుపుల్లో అచ్చం కణం తగిలినట్టే ఉండే దొంగ మెరుపుల్ని గుట్టుగా చేర్చడం. కనబడిందల్లా కణమేనని ఎవరూ ఎగిరి గంతెయ్యకుండా వాళ్లకు వాళ్లు పెట్టుకున్న కట్టడి అది. ఏది దొంగదో ఆవిడ ఒక్కదానికే తెలుసు. మార్చిలో అందరి ముందూ బయటపెట్టేదాకా నోరు మెదపకూడదు. ఏటా ఎవరో ఒకరు కళ్లు మెరుస్తూ వస్తారు. ఏటా ఆవిడే నీళ్లు చల్లుతుంది.

పాపం, ఆవిడకేమీ అది సరదా కాదు. ముప్పై ఏళ్లుగా ఆ కణం కోసమే బతికింది. తను కలపనిది, ఒక్కటంటే ఒక్కటి, ఎవరైనా తెచ్చి చూపిస్తే చాలనుకునేది. పెళ్లెందుకు చేసుకోలేదని అక్క అడిగితే, "ఒకరి కోసం ఆగాన్లే" అనేది. నవ్వులాటకే అన్నా అందులో అబద్ధం లేదు.

ఆ గురువారం వంతు తెవీలాది. మెల్‌బోర్న్‌లో పెరిగిన సమోవా పిల్ల. బోర్డు మీద ఒక గీత గీసి, దానికి బాగా దూరంగా ఒక చుక్క పెట్టింది.

"ఇదొక్కటీ దేనికీ సరిపోవట్లేదు. గని గోడల రేడియేషన్ కాదు, యంత్రం తప్పూ కాదు. వారం నుంచి తరుముతున్నా, పోనంటోంది."

"లోర్నా చెయ్యి చూడండర్రా," అన్నాడు ముందు వరసలోని కోర్మాక్. "ఉప్పయితే తినడం ఆపేస్తుంది."

"నువ్వు నీ బీరు సంగతి చూసుకో," అని లోర్నా బోర్డు వంక చూసింది.

తను కలిపిన ప్రతి మెరుపూ ఆవిడకు కన్నబిడ్డలా గుర్తే. ఇది వాటిలో లేదు. మళ్లీ చూసింది. లేదు. కణమే కావచ్చు, కాకపోనూవచ్చు, తనది మాత్రం కాదు. మీట్ పై పట్టుకున్న చెయ్యి నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

ఆ ఆగిన చెయ్యినే తెవీలా చూసింది.

"బాగుంది. ఇంకోసారి సరిచూసుకో," అంది లోర్నా. ఏటా అందరితోనూ అనే మాటే.

"అర్థమైందిలే ఆంటీ," అంది తెవీలా, నవ్వు తెచ్చుకోబోయి. "మంచి ఉప్పే వేశారు. నేను నిజమనుకున్నాను."

కాదే తల్లీ, అది నాది కాదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఇక అందరూ దాన్ని కణంగానే చూస్తారు, ఏడాది పనంతా మట్టిలో కలుస్తుంది. మార్చి ఇంకా చాలా దూరంలో ఉంది.

తెవీలా తడిగుడ్డ తీసుకుంది. ముప్పై ఏళ్లుగా తను ఎదురుచూసిన చుక్కను ఆ పిల్ల తుడిచేస్తుంటే, లోర్నా చల్లారిపోయిన మీట్ పై కొరికి నమలసాగింది.