గుమ్మడి పూల పాఠం

పక్కింటివాళ్ళ గుమ్మడి తీగ మా గోడ దాటి ఇటు పాకింది. నిన్న పొద్దున దాన్ని సర్దబోతే ఆకు నూగు చేతికి గరగరమని గీసుకుని, పచ్చి వాసన గుప్పున ముక్కుకు తగిలింది. చీపురు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. చూసేవాళ్ళెవరూ లేకపోయినా ముఖం వేడెక్కింది. గుమ్మడాకు వాసనకు సిగ్గుపడే మనిషి లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆ వాసన వచ్చినప్పుడల్లా నాకు రామసుబ్బమ్మ టీచరు గుర్తుకొస్తుంది.

ఆవిడ నంద్యాలలో ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేది. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినపడేది. ఆ రోజుల్లో మొక్కల పాఠాలకు రంగుల పటాలు మద్రాసు నుంచి రావాలి. అవి సాధారణంగా రావు. ఒకవేళ వచ్చినా వాటిలోని పూలను మా సీమలో ఎవరూ కంటితో చూసి ఉండరు. అందుకని ఆవిడ సొంతంగా ఒక ట్రంకుపెట్టె నింపుకుంది. పాత పేపర్ల మధ్య అదిమి ఆరబెట్టిన ఆకులు, మందు సీసాల్లో రకరకాల గింజలు, వేళ్ళతో సహా ఎండబెట్టిన జొన్న మొక్క, వీటన్నిటికీ మించి పెళ్ళి బాసికాలు చేసే బెండుతో ఆవిడే చెక్కిన ఒక పెద్ద పువ్వు. దాని రేకులు ఊడదీయవచ్చు. లోపల కేసరాలు, అండాశయం విడివిడిగా తీసి పిల్లల చేతికివ్వవచ్చు. 1957లో నేను ఆళ్ళగడ్డలో కొత్తగా టీచరుగా చేరినప్పుడు నాకు పాఠం చదవడం వచ్చుగానీ చెప్పడం రాదు. శనివారం బస్సెక్కి నంద్యాల వెళ్ళి, ఆ పెట్టె ముందు కూర్చుని నేర్చుకునేదాన్ని.

పూలలో ఆడ, మగ గురించి చెప్పే పువ్వు పాఠం దగ్గరికి వచ్చేసరికి వెనకాడాను. నాకన్నా ముందున్న టీచరు ఆ పేజీలు ఇంటి దగ్గర చదువుకోండని దాటేసిందట. నేనూ అదే దారి పట్టాలనుకుని, నసుగుతూ ఆ మాటే అడిగాను.

"ఏం, సిగ్గా?" అంది రామసుబ్బమ్మ.

"ఆడపిల్లలు టీచర్. ఇండ్లల్లో ఏమనుకుంటారో..."

"పువ్వుకు లేని సిగ్గు నీకెందుకు పాపా? నువ్వు తల వంచుకుని చెప్తే అది తప్పు మాటే అనుకుంటారు పిల్లోల్లు. తలెత్తి చెప్పు." అంటూ బెండు పువ్వును నా చేతిలో పెట్టింది.

బస్సులో దాన్ని కొంగు కింద దాచుకుని కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన తొంగి చూసి "పెండ్లి ఎవరికమ్మా, నీకేనా?" అన్నాడు. ఆళ్ళగడ్డ వచ్చేదాకా నేను కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

అప్పుడు ధనుర్మాసం. తలెత్తి చెప్పమన్న పాఠాన్ని నేను నల్లబల్లకు చెప్పాను. గుమ్మడి తీగకు పొడవాటి సన్నకాడతో ఉండేది మగపువ్వనీ, కింద చిన్న పిందెతో ఉండేది ఆడపువ్వనీ, మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు అందకపోతే ఆ పిందె రాలిపోతుందనీ గొణిగాను. వెనక వరసలో కిసుక్కుమన్నారు. కిరాణా అంగడి నాగయ్య శెట్టి కూతురు పద్మ మాత్రం లేచి నిలబడింది. ఆ శెట్ల ఇళ్ళలో ఎనిమిదో తరగతిదాకా వచ్చిన ఆడపిల్ల అదొక్కతే.

"టీచర్, గొబ్బెమ్మల మీదికి మేం దినామూ గుమ్మడిపూలు కోస్తాం. పిందె ఉండేటివి మా అవ్వ కోయనియ్యదు. అంటే మేం కోసేటివన్నీ మగపూలే కదా? దానికేనా మా పెరట్లో పిందెలన్నీ రాలిపోతాండాయి?"

ఆ ప్రశ్న ఏ పుస్తకంలోనూ లేదు. తెల్లవారుజామునే ఆడపిల్లలు మగపూలన్నీ తెంపుకుపోతే తీగ మీద పుప్పొడి ఎక్కడ మిగులుతుంది? ఎగిరి గంతేయాల్సిన దాన్ని, మగపూలనే మాట అంత గట్టిగా వినపడేసరికి కంగారుపడి "ఆఁ, అంతే, కూర్చో" అన్నాను.

పద్మ ఇంటికి పోయి అవ్వతో మగపూలు కోయొద్దని చెప్పింది. మర్నాడు నాగయ్య శెట్టి బడి వరండాలో నిలబడి ఉన్నాడు.

"ఏందమ్మా ఇది? పూలల్ల ఆడ, మగ అని చెప్తాండారంట ఆడపిల్లోల్లకు? సదువు నేర్పమని పంపితే ఇయ్యా నేర్పేది? ఇట్లయితే మా పాపను పంపను."

నేను తల వంచుకుని క్లాసులోకి వెళ్ళిపోయాను. ఆ శనివారం నంద్యాలలో ఏడుస్తూ ఇదంతా చెబితే, రామసుబ్బమ్మ అప్పటికప్పుడు చీర మార్చుకుని నాతో బస్సెక్కింది. ఆదివారం తెల్లవారేసరికి ఇద్దరం శెట్టి పెరట్లో ఉన్నాం. శెట్టి, ఆయన భార్య, అవ్వ, అంగట్లో పనిచేసే మనిషి అందరూ మూగారు. పద్మ గుమ్మం దగ్గర నిలబడింది.

"శెట్టీ, నీ పిందెలు ఎందుకు రాలతాండాయో చెప్పు చూస్తాం," అంది టీచరు.

"దిష్టి తగిలుంటాదమ్మా."

"దిష్టి గాదు, నీ తెలివితక్కువతనం తగిలింది. నీ కూతురికి తెలిసింది నీకు తెలీకపాయె!"

అవ్వ పకపకా నవ్వింది. భార్య కొంగు అడ్డం పెట్టుకుంది. అంగడి మనిషీ నవ్వాడు. నేనూ నవ్వాను, అందరికన్నా గట్టిగా. వారం రోజులు బిగబట్టుకున్న భయమంతా ఆ నవ్వులో పోయింది. టీచరు ఒక మగపువ్వు తెంపి, రేకులు ఒలిచి, కేసరాన్ని ఆడపువ్వులో అద్ది, ఆ పువ్వు మూతిని దారంతో కట్టింది. "ఈ కాయ నిలబడకుంటే నేను బడి మానేస్తా," అంది. శెట్టి మాకు కాఫీ ఇప్పించి, వీధిదాకా సాగనంపాడు. మా ముఖాల వైపు మాత్రం చూడలేదు. యుద్ధం గెలిచిన వాళ్ళలా నడిచివచ్చాం.

సోమవారం పద్మ రాలేదు. పండగ సెలవుల తర్వాతా రాలేదు. మాఘమాసం చివర అంగడి మనిషి బుజాన పెద్ద గుమ్మడికాయతో బడికి వచ్చాడు.

"శెట్టి పంపినాడమ్మా. టీచరమ్మ చెప్పిందే నిజమాయెనని చెప్పమన్నాడు."

"పద్మ ఎప్పుడొస్తుంది?"

"పాప ఇంగ యాడొస్తాదమ్మా? పెండ్లయిపాయె గదా, బేతంచెర్లకిచ్చిరి."

ఆ కాయను నంద్యాలకు మోసుకుపోయాను. రామసుబ్బమ్మ దాన్ని అందుకుని తొడిమ తడిమి చూసింది.

"ఇంట్లో ఆడోల్ల ముందర, పనోని ముందర ఆయన్ని చిన్నబుచ్చితి పాపా," అంది. "ఆయన్ని పక్కకు పిలిచి, పువ్వు ఆయన చేతికే ఇచ్చుంటే పోయేది. కాయను నిలబెడితి, పిల్లను రాలగొడితి. సిగ్గుతో సచ్చిపోతాండా."

అంత గొంతు గల మనిషి అంత నెమ్మదిగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. తర్వాత ఆవిడ ఒక్కతే శెట్టి అంగడికి వెళ్ళి క్షమించమని అడిగిందని తెలిసింది. ఆయన పీట వేసి కూర్చోబెట్టి మర్యాద చేశాడట. జరిగిన పెళ్ళి మర్యాదతో వెనక్కి మళ్ళుతుందా?

ఆ తర్వాత ఏళ్ళ తరబడి పువ్వు పాఠం తలెత్తే చెప్పాను. అది ఆవిడ పెట్టిన భిక్ష. కోపంతో వచ్చిన ఏ తండ్రినైనా పక్కకు తీసుకుపోయి, ఆయన పైరు గురించి ఆయన చేతే చెప్పించి, ఆ మాటల్లోంచే నా పాఠం ఎత్తుకునేదాన్ని. అదీ ఆవిడ దగ్గర నేర్చుకున్నదే, కాకపోతే దానికి పద్మ చదువు ఖర్చయింది. బడిలో నాకు మంచిపేరే వచ్చింది. ఇప్పటికీ పాత విద్యార్థులు ఎక్కడైనా ఎదురుపడి "మీరు చెప్పిందే నిజమైంది టీచర్" అంటూ ఉంటారు. వాళ్ళు సంతోషంతో అనే మాటే అది. నేను మాత్రం శెట్టి పంపిన కాయ, ఆయన పెరట్లో నేను నవ్విన నవ్వు గుర్తొచ్చి, వాళ్ళ ముఖంలోకి చూడలేక తల దించుకుంటాను.