కుప్ప మీద బాబాయి

మా పిన్ని పోయి ఏడాది కావస్తోంది. ఊరు పారేసిన తొక్కల్నీ రాలిన ఆకుల్నీ ఎరువు చేసే యార్డులో పద్దెనిమిదేళ్లు పనిచేసింది. పార్కుల్లోని చెట్లన్నీ ఆ ఎరువు తిన్నవే. కుప్పలకు జ్వరం చూడటం ఆమె పని. నిలువెత్తు ఇనుప చువ్వను లోపలికి గుచ్చి, కాసేపాగి లాగి, కొన పట్టుకుని చూసేది. పట్టుకోగలిగితే ఎరువు బాగా మాగుతున్నట్టు. చెయ్యి చురుక్కుమంటే లోపల నిప్పు పుడుతున్నట్టు. పైకి చల్లగా కనబడుతూనే కుప్ప లోలోపల కాలి డొల్లవుతుంది. అలాంటి డొల్లలో ఓ కుక్క కూరుకుపోవడం పిన్ని కళ్లారా చూసింది. అప్పటినుంచీ ఆమెకు ఆ భయం వదల్లేదు.

ఓ వేసవిలో స్థలం చాలక కుప్పల్ని రెండంతస్తుల ఎత్తున పోశారు. వద్దని ఎంత మొత్తుకున్నా మేస్త్రీ చెవిన పెట్టలేదు. తర్వాత ఒంట్లో బాగాలేక పిన్ని వారం రోజులు పనికి వెళ్లలేదు. ఆ వారం చువ్వ పట్టినవాళ్లు లేరు.

తిరిగి వెళ్లిన ఉదయం, అక్కడే పనిచేసే బాబాయి కుప్పెక్కి పైపుతో నీళ్లు కొడుతున్నాడు. పిన్ని చువ్వ గుచ్చింది. మూరెడు లోతు గట్టిగా దిగి, ఆపైన అడ్డులేకుండా జారిపోయింది. లాగితే కొనకు బూడిద.

అరిస్తే ఆయన పరిగెడతాడు. పరిగెడితే కాళ్లకింద పెళ్ల విరుగుతుంది. పిన్ని గొంతు మామూలుగానే పెట్టింది.

“ఏమయ్యా, ఉన్నచోటే బోర్లా పడుకో.”

“పనివేళ పడకేంటే? మేస్త్రీ చూస్తే నాకు శాశ్వతంగా విశ్రాంతి ఇస్తాడు.”

“ఇన్నేళ్లలో నా మాట ఒక్కటీ వినలేదు. ఇది విను. పడుకుని నావైపు పాకు. లేవకు.”

ఆమె మొహం చూశాడు. పడుకున్నాడు. మోకాలు ఒత్తిన చోటల్లా సన్నగా పొగ లేచింది. పిన్ని రెప్ప వేయలేదు. వేస్తే, తెరిచేసరికి ఆయన ఉండడనిపించిందట.

ఆయన కాళ్లు నేల తాకాక, పైన వదిలేసిన పైపు బరువుకే కుప్ప నడుమ కుంగి, భగ్గున మంట లేచింది.

పిన్ని చువ్వ తీసుకెళ్లి మేస్త్రీ ముందు పెట్టింది.

“ఇకనుంచి కుప్ప నా భుజం దాటితే ముందు మీరెక్కండి. మీరు దిగాక మావాళ్లు ఎక్కుతారు.”

మేస్త్రీ కొన ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

పిన్ని పొట్టిది. ఆ యార్డులో ఇప్పటికీ ఏ కుప్పా ఆమె భుజం దాటదు.