కొండ దిగివచ్చిన జిల్లా రాయి

నేను కాపురానికి వచ్చిన ఊరు మార్కాపురం తాలూకా, కర్నూలు జిల్లా. ఊరి వెనక కొండెక్కి అవతలికి దిగితే పొదిలి తాలూకా, నెల్లూరు జిల్లా. మద్రాసు సర్కారు రోజులవి. పొదిలి సంతకు పొద్దున పోయి పొద్దుగూకేలోపల వచ్చేవాళ్ళం. మన జిల్లా అనుకునే కర్నూలు మాత్రం నల్లమల అవతలెక్కడో ఉండేది. మా ఇంట్లో దాన్ని చూసినవాళ్ళు లేరు.

రెండు జిల్లాలకూ హద్దురాయి ఒకటి మావైపు కొండకు సగం ఎత్తులో, రేలచెట్టు కింద ఉండేది. మా అత్త దాన్ని పొలిమేరమ్మ అని కొలిచేది. శుక్రవారం వస్తే పసుపు, కుంకుమ, ఒక గుక్కెడు గొర్రెపాలు.

ఒక ఏడు వానలు మొదలైనాక సర్వే చేసే ఆయన గొలుసులు మోయించుకుని వచ్చాడు. పసుపు గీకి చూసి, పటం చూసి, నొసలు చిట్లించాడు.

"పటంలో గీత కొండ నెత్తిన పోతాంది. రాయి చూస్తే ఇక్కడుంది. రాయి ఉన్నకాడే హద్దు. ఈడనుంచి పైదంతా నెల్లూరు జిల్లా."

మా మామ గొర్రెల మేపుడు చీటీ మార్కాపురంలో తీసుకున్నది, నెల్లూరు జిల్లాలో చెల్లదు. వానలకు తొలి గడ్డి మొలిచేది పైకొండలోనే. అది పోతే మందను అమ్ముకోవాల్సిందే.

ఆ పూట అత్త అన్నం ముట్టలేదు. గిన్నెలు కడుగుతుంటే నా పక్కన కూచుని మెల్లగా చెప్పింది.

"ఆ రాయి నెత్తినే ఉండె. నువ్వు రాకముందు మాట. మోకాళ్ళతో ఎక్కలేక, అమ్మ గూడ ఎండకు మాడిపోతాందని, నలుగురం పగ్గం కట్టి దించితిమి."

"చెప్పేస్తే పోలా, అత్తా?"

"సర్కారు రాయి కదిలిస్తే సంకెళ్ళేస్తారంట. మీ మామ ముందర ఏం మొగం పెట్టుకునేది?"

తెల్లవారి మాత్రం నీళ్ళకడవ నా నెత్తిన పెట్టి కొండకు నడిచింది. మామ వింటుండగానే సర్వే ఆయనకు అంతా చెప్పేసింది. మామ తలపాగా విప్పి, మళ్ళీ చుట్టుకున్నాడు.

"ఏ చోటు నుంచి దించినావో చూపించు పెద్దమ్మా," అన్నాడు సర్వే ఆయన.

నెత్తికి ఎక్కినాం. గడ్డి కమ్మి, రాయి పెరికిన గుంట జాడ లేదు. అత్త అటూ ఇటూ చూసి, నా కడవ దింపించి, నీళ్ళు వంచింది. సగం మా ఊరివైపు పారాయి, సగం పొదిలివైపు.

"వాన రెండుగా చీలేది ఈడనే. మీ గీత గూడ ఈడనే ఉండాల గదయ్యా."

కూలీలు అక్కడ తవ్వితే జానెడు దూరంలో పాత గుంట బయటపడింది.

సర్వే ఆయన నవ్వాడు. "గాలివానకు రాయి జారిందని రాసుకుంటా. నువ్వు ఇంకోసారి గాలివానవు గావద్దు."

రాయిని పైకి మోయించి నాటించాడు. మధ్యాహ్నానికే మంద పైకొండలో మేస్తూ ఉంది. దిగేటప్పుడు మామ అత్త చేతికి తన కర్ర ఇచ్చాడు.

ఆ తర్వాతి శుక్రవారం అత్త పసుపు పట్టుకుని, నాలుగడుగులకొకసారి కూలబడుతూ కొండెక్కుతుంటే నాకు జాలేసింది.

"చెట్టు కిందనే ఇంకో రాయి పెట్టుకోరాదా, అత్తా?"

"రెండు రాళ్ళు కనబడితే ఆయన మళ్ళా వస్తాడు. నడువు."