తెగిన కూత

నా చిన్నప్పుడు ఎల్‌బీ నగర్ అంటే ఎవరికీ తెలియదు. దిల్‌సుఖ్‌నగర్ దాటితే విజయవాడ రోడ్డు, దానికి అటూ ఇటూ చేలు, రాళ్లు, అంతే. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన మా నాయిన లారీల దగ్గర హమాలీ పని చేసేవాడు. మా మట్టిగోడల ఇంట్లో ఒక గది కిరాయికి ఇచ్చాం. అందులో కోస్తా నుంచి వచ్చిన డ్రిల్లు మాస్టారు, ఆయన భార్య ఉండేవారు.

అది తెలంగాణ ఉద్యమం నడుస్తున్న అరవై తొమ్మిది. బడులు మూతబడ్డాయి. నా చదువు అలా మొదలై అలా ఆగిపోయింది. అక్షరం రాలేదు గానీ కబడ్డీ చూడటం మాత్రం బాగా వచ్చింది. మా జట్టులో గడ్డిఅన్నారం అన్న ఆడేవాడు. అతని అసలు పేరు మేమెవరం పలకలేదు. అతను కూతకు దిగితే ఎదుటి జట్టు దానంతట అదే వెనక్కి జరిగేది. పొద్దున్నే రోడ్డు మీద అతను పరుగెత్తడం చూడాలని చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడేదాన్ని. ఊడ్చింది తక్కువ.

మా దగ్గర ఒక అలవాటు ఉండేది. మన ఆటగాడు కూతకు వెళ్తే, చుట్టూ ఉన్నవాళ్లం కూడా అతనితో కలిసి "కబడ్డీ, కబడ్డీ" అని కూత పెట్టేవాళ్లం. మా ఊపిరి అతనికి అందుతుందని మా నమ్మకం.

ఆ రోజు సరూర్‌నగర్ జట్టుతో పోటీ. అంపైరుగా మాస్టారే ఉండాలని అన్న పట్టుబట్టాడు. ఆయన భార్య అప్పటికే ఊరికి వెళ్లిపోదామని ట్రంకు పెట్టె సర్దింది. "ఈ గొడవల్లో మనకెందుకండీ" అని గుమ్మానికి అడ్డం నిలబడింది. "అబ్బాయి పిలిచాక వెళ్లకపోతే బాగోదు" అని ఆయన ఈల మెడలో వేసుకున్నాడు.

ఆఖరి కూతకు రెండు జట్లూ సమానం. అన్న ఒకడిని తాకి వెనక్కి తిరిగాడు. నలుగురు మీద పడ్డారు. వాళ్లను ఈడ్చుకుంటూ వచ్చి గీత మీద చేయి వేశాడు. గొంతులు చించుకుని కూత పెడుతున్న మేమంతా గెలిచామని ఎగిరాం. మాస్టారు ఈల ఊది చేతులు అడ్డంగా ఊపాడు.

"కూత తెగిందండీ. గీత అందకముందే తెగింది."

అంటే అన్న ఔటు. మేం ఓడిపోయాం. జనం ఆయన చుట్టూ మూగారు.

"ఎట్ల తెగింది సారూ? గింతమందిమి ఇన్నం గద!"

"సారు చెవులు ఇంకా ఆంధ్రలనే ఉన్నయిరా, ఈడికి రాలే!"

కొందరు నవ్వారు. ఒకడు నవ్వకుండా వంగి రాయి తీశాడు. "ఆగుర్రి, మా ఇంట్ల ఉండేటాయన" అని మా నాయిన మొత్తుకున్నా ఎవరూ వినలేదు. నాకు ఆ ట్రంకు పెట్టె గుర్తొచ్చింది.

అన్న మట్టిలోంచి లేచాడు. మోకాళ్లు గీరుకుపోయి ఉన్నాయి. జనాన్ని తోసుకుంటూ వచ్చి మాస్టారి పక్కన నిలబడ్డాడు.

"సారు జెప్పింది నిజం. నా దమ్ము తెగింది."

"ఏందన్నా, మేం ఇన్నం గద..."

"మీరు ఇన్నది మీ కూత. నాది గాదు."

అతను అబద్ధం ఆడనక్కర్లేదు, ఊరుకుంటే చాలు, గెలుపు తనదే. సరూర్‌నగర్ వాళ్లతో చేతులు కలిపి, మాస్టారి భుజం మీద చేయి వేసి మా ఇంటిదాకా నడిచాడు. రాయి తీసినవాడు కూడా ఉత్త చేతులతో వెనకే వచ్చాడు. అన్న నీళ్లు అడిగితే చెంబుతో నేనే ఇచ్చాను. దగ్గర నుంచి చూస్తే మా నాయినంత ఎత్తు కూడా లేడు! "ఏంది బిడ్డా, గట్ల చూస్తున్నవ్?" అని నవ్వాడు. సాయంత్రం మాస్టారి భార్య పెట్టెలోంచి గిన్నెలు తీసి పొయ్యి ముట్టించింది.

నలభై దాటాక పెద్దవాళ్ల బడికి వెళ్లాను. అందరూ కలిసి పాఠం చదివేవారు. నేనూ గొంతు కలిపేదాన్ని. ఒక రోజు పంతులమ్మ నన్ను మెచ్చుకుంది. ఎందుకో తట్టుకోలేక లేచాను. "నేను చదువుతలేనమ్మా. వాళ్ల కూతల కలిసిపోతున్న" అన్నాను. ఆమె నన్ను ముందుకు పిలిచి ఒక్కదాన్నే చదవమంది. రెండో అక్షరం దగ్గర ఆగిపోయాను. నా చదువు అక్కడే మొదలైంది.

ఇప్పటికీ నేను పైకే చదువుతాను, ఒక్కదాన్నే. దమ్ము తెగిన చోట ఆగి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటాను.