కిటికీ వైపు చెయ్యి

మా బాబాయి ఏడో నంబరు బస్సు నడుపుతాడు. పందొమ్మిదేళ్లుగా అదే రూటు. చొక్కా చేతులు పైకి మడిచి, ఒక మోచెయ్యి కిటికీ మీద ఆనించకపోతే ఆయనకు బండి నడిపినట్టే ఉండదు. స్టాపుల్లో జనం ముందు ఆ మోచేతిని చూసి, తర్వాతే నంబరు చూస్తారు.

ఆ రూటులో రెండు కిలోమీటర్లు రోడ్డుకు ఇరువైపులా చెట్లే. చలి తగ్గి అవి పూతకు రాగానే ఏటా బాబాయి చేతి మీద నాలుగు దద్దుర్లు లేచేవి, పోయేవి. ఈ ఏడు పోలేదు. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రగా కందిపోయింది. సిగ్నల్ దగ్గర బండి ఆగితే చాలు, గోకుడే గోకుడు. ముందు సీట్లో కూర్చున్న ఒకావిడ అది చూసి, అంటుకునే జబ్బేమోనని డిపోలో ఫిర్యాదు చేసింది. డిపో మేనేజరు బాబాయిని పిలిచి, శుక్రవారంలోగా డాక్టరు చీటీ తేకపోతే రూటు ఇంకొకరికిచ్చి పాసుల కౌంటర్లో కూర్చోబెడతానన్నాడు. కూర్చున్న చోటే కూర్చుని కదలకుండా బతకడమెలాగని బాబాయి రెండు రోజులు సరిగ్గా తిండి కూడా తినలేదు.

ఇంట్లో దర్యాప్తు మొదలైంది. బాబాయి కొత్త సబ్బును అనుమానించాడు. పిన్ని వంకాయలు కొనడం మానేసింది. వాచీ బెల్టు మీద కూడా నింద పడింది, వాచీ పెట్టుకునేది రెండో చేతికని గుర్తొచ్చేదాకా. కండక్టరు తన జేబులోని అలర్జీ మాత్ర ఒకటి ఇచ్చాడు. అదృష్టం బాగుండి బాబాయి దాన్ని సెలవు రోజున వేసుకున్నాడు. పదకొండింటికి పేపరు పట్టుకుని కుర్చీలో కూలబడ్డ మనిషి సాయంత్రం ఐదింటికి కళ్లు తెరిచాడు.

"ఇదే డ్యూటీలో వేసుకుని ఉంటే నలభై మందిని ఎక్కడ దింపేవాణ్ణే?" అన్నాడు, ముఖం పాలిపోయి.

చివరికి కారణం పట్టుకున్నది పిన్నే. యూనిఫాం ఉతకబోతూ చేతుల మడతలు విప్పితే, ఒక మడతలోంచి పసుప్పచ్చ పొడి రాలింది. రెండో మడతలో ఏమీ లేదు. ఆ చొక్కాను ఉతక్కుండానే సంచిలో పెట్టి, బాబాయిని వెంటబెట్టుకుని చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

డాక్టరమ్మ రెండు చేతులూ బల్ల మీద పక్కపక్కన పెట్టించింది. "ఇదేంటండీ, ఇది మాత్రం ఇంత నున్నగా ఉంది?"

"అది గేర్లు వేస్తుందండీ."

"మరి ఇది?"

"షికారు తిరుగుతుంది డాక్టరుగారూ," అంది పిన్ని. "పందొమ్మిదేళ్ల నుంచీ."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. అది పుప్పొడి వల్ల వచ్చిన అలర్జీ అని, ఎవరికీ అంటుకోదని చీటీ రాసిచ్చింది. పూత ఉన్నన్నాళ్లూ ఆ చెట్ల మధ్య కిటికీ మూసుకోమంది, పొడుగు చేతుల నూలు చొక్కా మడవకుండా వేసుకోమంది. డ్యూటీ దిగగానే చల్లటి నీళ్లతో చెయ్యి కడిగి క్రీము రాయాలి, గోళ్లు కత్తిరించుకోవాలి, గోకకూడదు. మాత్ర మాత్రం మత్తు రానిది ఇచ్చి, అదైనా మొదటిసారి సెలవు రోజున వేసుకుని చూడమంది. వచ్చే ఏడు పూత మొదలవకముందే కనిపించమంది. బట్టలు బయట ఆరేస్తే వాటికీ పుప్పొడి అంటుతుందని తెలిసి, పిన్ని ఆ సాయంత్రమే గదిలో తీగ కట్టేసింది.

శుక్రవారం మేనేజరు చీటీ చదివి, రూటు నీదే గానీ కిటికీ మూసి నడపాలన్నాడు. బాబాయి బండెక్కి అద్దం లాగితే కదల్లేదు. ఎన్నేళ్లుగానో మూయక గాడిలోనే తుప్పు పట్టిపోయింది. మెకానిక్ నూనె పోసి, చెక్క పెట్టి సుత్తితో తట్టాడు. బయలుదేరడానికి ఇంకా నాలుగు నిమిషాలే ఉన్నాయి. లోపల్నుంచి బాబాయి రెండు చేతులతో నెడుతుంటే కింద నుంచి మేనేజరే ఒక చెయ్యి వేశాడు. అద్దం కీచుమంటూ జరిగి, చివరిదాకా వచ్చి ఆగింది.

బాబాయి చొక్కా చేతులు మణికట్టు దాకా దించుకుని, బొత్తాలు పెట్టుకుని, గేరు వేశాడు.