గోడ పక్కన ఖాళీ జాగా

దెయ్యాలంటే నాకు మొదటి నుంచీ నవ్వే. మందమర్రిలో గని కార్మికుడి భార్యను. గనిలో తిరిగే దెయ్యాల గురించి నేను విన్నన్ని కథలు ఇంకెవరూ విని ఉండరు. రాత్రి షిఫ్టు ఎగ్గొట్టడానికి మగవాళ్లు చెప్పే సాకులవి అని మా ఆయన ముఖం మీదే అనేదాన్ని. మాది చర్చికి పోయే కుటుంబం. దారాలు కట్టడం, దిష్టి తీయడం మా ఇంట్లో లేవు. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మా అబ్బాయి జోయెల్, వెనక క్వార్టర్‌లో ఉండే రాకేశ్ చిన్నప్పటి నుంచీ జంట. ఒకడికి జ్వరం వస్తే ఇద్దరూ బడి మానేసేవాళ్లు. ఇంటర్‌లో చేరాక మంచిర్యాల కాలేజీకి ఆటోలో వెళ్లేవాళ్లు. గాలి తగులుతుందని ఆటోలో అంచు సీటు కోసం రోజూ కొట్లాటే.

ఆ రోజు అంచు సీటు రాకేశ్‌కు దొరికింది. లారీ వచ్చి ఆ పక్కనే గుద్దింది.

ఎవరో మా ఆయనకు ఫోన్ చేసి, పిల్లల్లో ఒకడు పోయాడన్నారు. ఏ పిల్లాడో చెప్పలేదు. ఆసుపత్రికి చేరేదాకా ఆ ఒక్క మాటతోనే ఉన్నాను. తీరా వెళ్లి చూస్తే ఎవరూ పోలేదు. జోయెల్‌కు మోచేతులు గీరుకుపోయాయి, అంతే. రాకేశ్‌కు తలలో దెబ్బ. కరీంనగర్ తీసుకుపోయి ఆపరేషన్ చేయిస్తే బతికాడు.

ఇంటికి వచ్చాక వాడు జోయెల్‌తో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. వాడు చెప్పింది ఇది. ఇంకో మందమర్రి ఉంది. ఇవే క్వార్టర్లు, ఇదే సైరన్. అక్కడ ఆ రోజు అంచు సీటు జోయెల్‌కు దొరికింది. అక్కడ జోయెల్ లేడు. ఇక్కడ కన్ను మూస్తే తనకు అక్కడ మెలకువ వస్తుంది. అక్కడ జోయెల్ వాళ్లమ్మ తిండి మానేసి కూర్చుంది, ఆమెను వదిలి రాలేకపోతున్నాడు, ఏదో ఒక రోజు అక్కడే ఉండిపోతాడు.

నిజంగానే వాడికి రోజురోజుకూ నిద్ర పెరిగింది, తిండి తగ్గింది. తలకు దెబ్బ తగిలితే ఇలాంటివి ఉంటాయని డాక్టర్ మందులు రాశాడు. పిల్లాడు చేజారిపోతున్నాడని రాకేశ్ వాళ్లమ్మ ఏడవని పూట లేదు.

మిగతా స్నేహితులు వాడికి పిచ్చి లేచిందని రావడం మానేశారు. మావాడు మాత్రం కాలేజీ నుంచి రాగానే, బ్యాగు కూడా దింపకుండా వాడి మంచం పక్కన కూర్చునేవాడు. లేదు, కాదు అని ఎన్నడూ వాదించలేదు. "ఇయ్యాల మా అవ్వ తిన్నదా రా?" అని అడిగేవాడు. అక్కడి అవ్వ గురించి, అంటే అక్కడి నా గురించి! ఒకరోజు అది నా చెవిన పడి ఒళ్లు మండిపోయింది. ఇంట్లో కళ్లముందున్న అవ్వ తిన్నదో లేదో అడగవు గానీ, వాడి పిచ్చిని ఇంకా పెంచుతున్నావా అని తిట్టాను.

"వాడు ఆడ ఒక్కడే ఉంటుండు అవ్వా. నేను ఆడికి పోలేను. జర అడుగుడు సుత బంద్ చెయ్యాల్నా?" అన్నాడు.

ఇంకా మీసాలైనా సరిగ్గా రాని పిల్లాడు. నా కడుపున పుట్టినవాడే అయినా చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

నవంబర్‌లో సమాధుల పండుగ వచ్చింది. పోయిన మా వాళ్ల సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. రాకేశ్ తనూ వస్తానన్నాడు. అంతకుముందు వాడు ఆ సమాధుల తోటలో అడుగు పెట్టలేదు. జోయెల్ బండి మీద ఎక్కించుకొచ్చాడు.

వచ్చీ రాగానే ఎవరినీ అడగకుండా మా మామగారి సమాధి దాటి, గోడ పక్కన ఖాళీ జాగా దగ్గర ఆగాడు. అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. కూర్చుని ఒక కొవ్వొత్తి వెలిగించాడు.

అందరూ చూస్తున్నారు. జోయెల్ వెళ్లి, ఆ మంటతోనే ఇంకో కొవ్వొత్తి వెలిగించి గడ్డిలో నిలబెట్టాడు. తన సమాధి అని స్నేహితుడు నమ్మిన చోట, వాడి పక్కనే తల వంచుకుని నిలబడ్డాడు.

రాకేశ్ నా వైపు తిరిగాడు. "రాయి మీద ఫోటో మంచిగొచ్చింది చిన్నమ్మా. పసుపు అంగీది."

ఆ రోజు ఆసుపత్రికి పోయే దారిలో, పోయింది నా కొడుకే అనుకున్నాను. వాళ్ల తాతకు అవతల, గోడ పక్కన పెట్టాలనుకున్నాను. రాయి మీద కాలేజీ కార్డు ఫోటో వద్దు, పసుపు చొక్కాది పెట్టాలనుకున్నాను. తల్లి మనసు ఇలాంటి పని కూడా చేస్తుంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. చెప్పుకునే మాటా అది?

వెళ్లి ఆ గడ్డిలో రాకేశ్ పక్కన కూర్చున్నాను. "నేను తింటున్న బిడ్డా. నా ఫికర్ జేయకు. నువ్వు ఇగ మీ ఇంటికి పో" అన్నాను. ఎవరి తరఫున అన్నానో నాకే తెలియదు.

వాడు నా ఒళ్లో తల పెట్టి ఏడ్చాడు. ప్రమాదం జరిగాక వాడు ఏడవడం అదే మొదలు. ఆ తర్వాత మళ్లీ ఆ ఇంకో మందమర్రికి పోలేదు.

మందులు పనిచేశాయన్నాడు డాక్టర్. కావచ్చు, కాదనడానికి నేనెవరిని? రాకేశ్ ఇప్పుడు కరీంనగర్‌లో డిగ్రీ చదువుతున్నాడు, అవేవీ గుర్తు లేవంటాడు. కానీ ఆ జాగా, ఆ చొక్కా వాడికెలా తెలిశాయో ఎంత ఆలోచించినా నాకు అందదు.

జోయెల్ ఇప్పటికీ ప్రతి పండుగకూ గోడ పక్కన ఒక కొవ్వొత్తి పెడతాడు. రాకేశ్ బాగైపోయాడు కదా, ఇంకా ఎందుకురా అని పోయినేడు అడిగాను.

"రాకేశ్ ఇగ ఆడికి పోతలేడు గదా అవ్వా" అన్నాడు. "ఆడ ఆ అవ్వ ఒక్కతే ఉంటది."