పక్కవాళ్ళు వచ్చారా

మా పిన్ని దూరప్రయాణం కట్టిందంటే రెండు టిక్కెట్లు కొంటుంది. ఒకటి తనకి, ఒకటి పక్క సీట్లో పరిచే తువ్వాలుకి. తువ్వాలుకి టిక్కెట్టేమిటమ్మా అని ఎవరైనా నవ్వితే, సీటు సీటేగా అని కిటికీ వైపు తిరిగిపోతుంది. చెప్పు తెగితే రెక్సిన్ ముక్క వేసి తనే కుట్టుకునే మనిషి. ఏసీ బస్సు ఊసెత్తితే తనకి చలి పడదంటుంది. రాత్రి బస్సుకి రేటు ఎక్కువని, నడుం విరిగేలా పగటి డొక్కు బస్సులోనే పోతుంది. అలాంటిది ఖాళీ సీటుకి డబ్బు పోస్తుంటే నాకు ఒళ్ళు మండేది. మండినా ఏమీ అనేదాన్ని కాదు, ఎందుకో తెలుసు కాబట్టి.

పిన్ని బస్టాండు వెనక సందులో సీటు కవర్లు కుడుతుంది. ఇరుకు షాపు. గోడలకి రంగురంగుల రెక్సిన్ చుట్టలు, కింద స్పాంజి తుక్కు, మధ్యలో ఆమె మిషను. రెక్సిన్ బట్టలాంటిది కాదు. ఒకసారి సూది దిగితే ఆ చిల్లు పూడదు, కుట్టు విప్పినా మచ్చ ఉండిపోతుంది. అందుకని మిషను మీద ఆమె ఎవరితోనూ మాట్లాడదు. కానీ ఉన్నట్టుండి కాలు ఆపేసి తల ఎత్తుతుంది. ఏమైంది పిన్నీ అంటే "హారన్" అంటుంది. బస్టాండు పక్కన రోజంతా హారన్లే, ఎవరికి పట్టింది? ఆమెకి మాత్రం తను ఎప్పుడూ ఎక్కే ఆ ఒక్క బస్సుది వేరుగా వినపడుతుంది. అది సందు దాటి పోయేదాకా సూది కదలదు.

బాబాయి ఫ్యాన్లకి వైండింగు చేసేవాడు. మెత్తని మనిషి. పని బాగా లేదని ఎవరైనా నసిగినా సరేలే అనేవాడు, పిన్ని నలుగురిలో దులిపేసినా సరేలే అనేవాడు. ఎంత మంచివాడమ్మా అనుకున్నాం గానీ, ఆ సరేలే వెనక ఏముందో మాలో ఒక్కరం కూడా అడిగిన పాపాన పోలేదు.

రెక్సిన్ కట్ పీసులు చవగ్గా దొరికే పెద్ద ఊరికి అప్పట్లో ఇద్దరూ కలిసి వెళ్ళేవారు. దారి మధ్యలో, పొలాల నడుమ ఒంటరిగా ఉన్న హోటల్ దగ్గర బస్సు ఆగుతుంది. ఆ రోజు బాబాయికి టీ తాగాలనిపించింది. ఫ్లాస్కులో తెచ్చింది ఉందిగా, ఇక్కడి రేట్లు మంటలు అని పిన్ని అందరూ వినేలా కసిరింది. "సరేలే, నువ్వు కూర్చో" అని, అందరూ చేసినట్టే తువ్వాలు సీట్లో వేసి దిగాడు.

ఆ బస్సులో సీట్లకి నంబర్లుండవు, తలలు లెక్కపెట్టే ఓపిక క్లీనర్‌కి ఉండదు. బయల్దేరేముందు నడవలో ఒకసారి నడుస్తూ "పక్కవాళ్ళు వచ్చారా?" అని అడుగుతాడు. ఎవరి పక్కవాళ్ళ సంగతి వాళ్ళు చెప్పాలి. మగతలో ఉన్న పిన్ని పక్కకి చూసింది. నిలబెట్టిన సంచి మీదికి తువ్వాలు జారి, మనిషి తలవాల్చి పడుకున్నట్టే కనిపించింది. వచ్చారు అంది. హారన్ కొట్టి బస్సు కదిలింది. చాలా దూరం పోయాక ఒక గతుకులో ఆ సంచి ఆమె ఒళ్ళో పడింది.

తరవాత మా నాన్న ఆ హోటల్‌కి వెళ్ళి అడిగాడు, పోలీసులకి చెప్పాడు, పేపర్లో ఫొటో వేయించాడు. ఎవరూ చూడలేదన్నారు. బాబాయి మళ్ళీ కనపడలేదు. పిన్ని మాత్రం ఆ చోట కాలు పెట్టనంది. పెట్టలేదు కూడా. కట్ పీసులు పార్సిల్‌లో తెప్పిద్దామని షాపు ఓనరు మొత్తుకున్నా వినకుండా తనే అదే బస్సులో పోయేది. హోటల్ దగ్గర అందరూ దిగుతారు, ఆమె దిగదు. క్లీనర్ వచ్చి పక్కవాళ్ళు వచ్చారా అంటే, ఇంకా రాలేదంటుంది. పాత డ్రైవరుకి కథ తెలుసు. కాసేపు అద్దం తుడుస్తాడు, టైరు తంతాడు, హారన్ కొడతాడు. ఆమె పోనివ్వండి అన్నాకే బండి తీస్తాడు. వెనక వాళ్ళు ఈ ముసలమ్మకి తిక్క అని గొణుక్కుంటారు.

మాకందరికీ ఆమె చెప్పేది ఒకటే మాట, తనే ఆయన్ని నడిదారిలో వదిలేసి వచ్చిందని. మనిషి దొరికితే ముందు కాళ్ళ మీద పడాలి, ఆ పైన ఆయన తన చెంపలు వాయించినా సరే అనేది. ఆ ఒక్క క్షమాపణ కోసమే ఆమె బతుకుతోందని మాకు తెలుసు. తప్పు నీది కాదే అని అమ్మ సముదాయించబోతే మీద పడి కరిచినంత పని చేసేది.

ఈమధ్య కొత్త రోడ్డు పడింది. ఇక బస్సులు అటు నుంచే పోతాయి, ఆ హోటల్ మూసేస్తున్నారని తెలిసింది. పిన్ని ఇంకొక్కసారి పోయొస్తానంది. మోకాళ్ళు పట్టేస్తున్నాయి కదా అని అమ్మ నన్ను తోడు పంపింది. పక్క సీట్లో నన్ను కూర్చోనివ్వదు కాబట్టి వెనక సీట్లో కూర్చున్నాను. దారంతా ఆమె తువ్వాలు అంచు సరిచేస్తూనే ఉంది.

హోటల్ దగ్గర బస్సు ఆగింది. నేను కునుకు తీసి కళ్ళు తెరిచేసరికి క్లీనర్ నడవలో వస్తున్నాడు. కొత్తవాడు. ముందు సీటు వైపు చూపించి, మీవాళ్ళు వచ్చారా అని అడిగాడు. చూశాను. కిటికీ పక్కన శాలువా కప్పుకుని ఒరిగిన ఆకారం, పక్కన తువ్వాలు. వచ్చారని నోటిదాకా వచ్చింది. ఎందుకో చెయ్యి చాపి ఆ శాలువా పట్టుకుని లాగాను. కింద సంచే ఉంది, మనిషి లేదు. రాలేదని అరిచి, చెప్పులైనా వేసుకోకుండా దిగాను.

టీ కౌంటరు దగ్గర లేదు. చేతులు కడుక్కునే చోట లేదు. ఆడవాళ్ళ పాయిఖానా దగ్గరా లేదు. వెనక గిన్నెలు తోమే పంపు దగ్గర కనిపించింది, బస్సు వైపు తిరిగి నిలబడి ఉంది. అక్కడి నుంచి గోడ మూలకి నడిచింది, మళ్ళీ బస్సు వైపే తిరిగింది. అక్కడి నుంచి మగవాళ్ళ పాయిఖానా గుమ్మం దాకా పోయి, లోపల్నుంచి వస్తున్నాయన కంగారుగా తప్పుకుంటున్నా పట్టించుకోకుండా అక్కడా నిలబడి చూసింది. డ్రైవరు హారన్ కొట్టాడు. చెవులు చిల్లులు పడేంత మోత. పిన్ని కళ్ళు మూసుకుంది.

"ఎక్కడ నిలబడినా బస్సు కనపడుతోందే" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం నోటికొచ్చిందల్లా వాగాను. అప్పట్లో ఇక్కడ చెట్లుండేవేమో, బాబాయికి కళ్ళు తిరిగాయేమో, కాస్త కన్నంటుకుందేమో అన్నాను.

"ఆ హారన్‌కి చచ్చినవాడైనా లేస్తాడు" అంది పిన్ని. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "ఇన్నాళ్ళూ దిగకపోవడం ఇందుకేనే. దిగితే ఇది కళ్ళబడుతుందని భయం. నేను వదిలేశాననుకుంటే ఏడవడానికైనా ఒక దారుండేది."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. బాబాయి ఈ గోడ పక్కనే ఎక్కడో నిలబడి, ఆ హారన్ వింటూ, బస్సు తిరిగి రోడ్డెక్కేదాకా చూస్తూ ఉండి ఉంటాడు. అప్పుడు కూడా సరేలే అనుకున్నాడో ఏమో. వెనక్కి తిరిగి చూడాలంటే భయమేసింది. ఇద్దరం బస్సు దాకా నడిచాం.

పిన్ని తన సీటు దగ్గరికి వెళ్ళి తువ్వాలు తీసింది. దులిపి, అంచుకి అంచు కలిపి మడిచి సంచిలో అడుగున పెట్టింది. వచ్చి కూర్చోమని నాకు సైగ చేసింది. ఆ సీట్లో కూర్చోవాలంటే ఎవరినో తోసి కూర్చున్నట్టు అనిపించి, అంచున సర్దుకున్నాను.

ఆలస్యమైందని చిరాకు పడుతూ క్లీనర్ మళ్ళీ వచ్చాడు. రెండో టిక్కెట్టు గుర్తుకొచ్చినట్టుంది, నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

"మరి మీ పక్కాయన వచ్చారా పెద్దమ్మా?"

"ఆయన దిగాల్సిన చోటు ఇదే బాబూ" అంది పిన్ని. "పోనివ్వు."